స్పీడ్ టెస్టులో వంద, కాల్‌లో నా గొంతు ముక్కలు ముక్కలు! అసలు డేటా మన దాకా ఎలా వస్తుందండీ?

చిన్నిగువ్వ | సోమవారం, ఉదయం 11:52

నమస్తే అండీ. చాలా రోజులుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదటిసారి. నా గోల కాస్త వినండి.

ఇంట్లో ఫైబర్ కనెక్షన్. స్పీడ్ టెస్ట్ ఎప్పుడు పెట్టినా డౌన్‌లోడ్ 100, అప్‌లోడ్ 10 చూపిస్తుంది. హాల్లో టీవీలో సినిమా ఒక్కసారి కూడా ఆగదు. కానీ నేను వెనక గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆఫీసు కాల్ మొదలుపెట్టానంటే పది నిమిషాల్లో నా గొంతు తెగిపోతూ వస్తోందని, బావిలోంచి మాట్లాడుతున్నట్టుందని అంటారు. విచిత్రం ఏంటంటే వాళ్ల మాట నాకు చాలావరకు బాగానే వినిపిస్తుంది. అదే కాల్ హాల్లో కూర్చుని మాట్లాడితే ఏ ఇబ్బందీ లేదు. రౌటర్ మార్చాలా, ప్లాన్ పెంచాలా? రోజూ పదిన్నర మీటింగ్ అంటే టెన్షన్ మొదలవుతోంది.

ఇంకోటి. ఇది సమస్య కాదు, అనుమానం. ఇంట్లో రెండు ఫోన్లు, ల్యాప్‌టాప్, టీవీ, ఒక స్మార్ట్ బల్బు ఉన్నాయి. బయటి నుంచి చూస్తే అందరిదీ ఒకటే అడ్రస్ అంటారు కదా. మరి టీవీకి రావాల్సిన సినిమా నా ఫోన్‌లోకి రాకుండా, ఫోన్‌కి రావాల్సిన మెసేజ్ బల్బులోకి పోకుండా ఎవరు చూస్తున్నారు? నాలాంటివాళ్లకి అర్థమయ్యేలా చెప్పండి.

గోడమీదపిల్లి | సోమవారం, మధ్యాహ్నం 12:04

ప్లాన్ మాత్రం పెంచకండి. ఈ కంపెనీలన్నీ ఒకే తాను ముక్కలు. 100 ఇస్తామంటారు, నేను ఏ ఫైలు దించినా 12 దాటదు. పెద్ద పెద్ద అంకెలు చూపించి చెవిలో పువ్వులు పెడతారు, అంతే.

లెక్కలపంతులు | సోమవారం, మధ్యాహ్నం 12:09

పిల్లిగారూ, మీకు అందాల్సింది మొత్తం అందుతోంది. ప్లాన్‌లో 100 అంటే సెకనుకు 100 మెగాబిట్లు. ఫైలు దించేటప్పుడు బ్రౌజర్ చూపించేది మెగాబైట్లు. ఒక బైటుకు 8 బిట్లు, 100ని 8తో భాగిస్తే 12.5. మధ్యలో ప్యాకెట్ల (డేటా ప్రయాణించే చిన్న ముక్కల) మీద రాసే అడ్రసుల బరువు కూడా కొంత పోతుంది కాబట్టి 12 దగ్గర ఆగుతుంది. కోపం రావాల్సింది ఈ రెండు కొలతలకూ దాదాపు ఒకే పేరు పెట్టినవాళ్ల మీద.

గోడమీదపిల్లి | సోమవారం, మధ్యాహ్నం 12:11

అంటే మూడేళ్లుగా కస్టమర్ కేర్‌తో ఊరికే పోట్లాడానన్నమాట. సరే, వదిలేయండి.

అర్ధరాత్రి_గేమర్ | సోమవారం, మధ్యాహ్నం 12:20

చిన్నిగువ్వ అక్కా, ఇది పక్కా వైఫై గొడవ. హాల్లో బాగుంది, వెనక గదిలో బాలేదు, ఇంకేం కావాలి. గోడలు అడ్డం. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగా పోతుంది కానీ గోడ దాటేసరికి నీరసించిపోతుంది, 2.4 గోడలు దాటుతుంది కానీ అక్కడ ఇరుగుపొరుగు రౌటర్లన్నీ తోసుకుంటూ ఉంటాయి, బ్లూటూత్ కూడా అక్కడే, మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు అక్కడే. అసలు వైఫైలో ఒక ఛానెల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు నోరు మూసుకుని వంతు కోసం ఆగాలి. గదిలో పదిమంది ఉండి ఒక్కటే మైకు ఉన్నట్టు. కేబుల్ లాగేయండి, పీడా పోతుంది. నేను గేమ్ ఎప్పుడూ తీగ మీదే ఆడతాను.

పాతమోడెం | సోమవారం, మధ్యాహ్నం 12:48

తమ్ముడూ, నువ్వు చెప్పిన వైఫై పాఠం అంతా కరెక్టే, తీర్పు మాత్రం తొందరపడ్డావు. ఆవిడ రాసింది మళ్లీ చదువు. తన గొంతు మాత్రమే ముక్కలవుతోంది, అవతలివాళ్లది బాగానే వినిపిస్తోంది. సిగ్నల్ బలహీనంగా ఉంటే సాధారణంగా రెండు వైపులా దెబ్బ తినాలి. నాకెందుకో పైకి వెళ్లే దారిలో ఏదో ఇరుక్కుందనిపిస్తోంది. చెప్పేముందు కొలవాలి.

చిన్నిగువ్వగారూ, రేపు కాల్ పాడైన క్షణంలో ఇలా చేయండి. ల్యాప్‌టాప్‌లో కమాండ్ విండో తెరిచి ముందు మీ రౌటర్‌కి పింగ్ కొట్టండి (ping అని రాసి అడ్రస్ ఇస్తే ఒక చిన్న ముక్క పంపి, జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో చూపిస్తుంది), దాని అడ్రస్ చాలా ఇళ్లలో 192.168.1.1 ఉంటుంది. ఒక నిమిషం చూసి, తర్వాత బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి కొట్టండి. రెండు చోట్లా ఎన్ని మిల్లీసెకన్లు వస్తున్నాయో రాయండి. మొదటిది గాల్లో ప్రయాణం ఎలా ఉందో చెబుతుంది, రెండోది గడప దాటాక ఏం జరుగుతోందో చెబుతుంది.

ఇక మీ అనుమానం. అందరూ దీనికి పోస్టుమాన్ పోలిక చెబుతారు, నాకది నచ్చదు. పోస్టుమాన్ కవరు చింపడు కదా. ఇక్కడ మొదటి పనే చింపడం. 4 మెగాబైట్ల ఫొటో ఒకటి మీ ఫోన్‌కి రావాలంటే అది 1,500 బైట్ల లోపు ముక్కలుగా తెగుతుంది, లెక్క వేస్తే సుమారు 2,700 ముక్కలు. ప్రతి ముక్క మీదా ఎక్కడి నుంచి, ఎక్కడికి అని రెండు ఐపీ అడ్రసులు, వాటితో పాటు రెండు పోర్టు నంబర్లు (ఆ యంత్రంలో ఏ కనెక్షన్‌దో చెప్పే అంకెలు) ఉంటాయి. మీ ప్రశ్నకు జవాబు ఆ పోర్టు నంబర్లలో ఉంది.

మీ ల్యాప్‌టాప్ లోపల 192.168.1.7 అనుకోండి. అది బయట ఏదో సర్వర్‌ని ఒక పేజీ అడుగుతూ తనవైపు పోర్టు 51000 అని రాసింది. రౌటర్ ఆ ముక్కని ఆపి, 192.168.1.7 కొట్టేసి తన బయటి అడ్రస్ వేస్తుంది, పోర్టు అవసరమైతే మార్చి, 'ఈ నంబరుతో జవాబు వస్తే అది ల్యాప్‌టాప్‌ది' అని తన పట్టికలో ఒక వరుస రాసుకుంటుంది. జవాబు రాగానే పట్టిక చూసి లోపలికి పంపుతుంది. టీవీ అడిగింది వేరే వరుస, ఫోన్ అడిగింది ఇంకో వరుస. అంటే సినిమా టీవీని వెతుక్కుంటూ రావడం లేదండీ, టీవీ అడిగింది కాబట్టి అడిగిన దారిన వెనక్కి వస్తోంది. ఎవరూ అడగకుండా బయటి నుంచి వచ్చిపడే ముక్కకి పట్టికలో వరుస ఉండదు, రౌటర్ దాన్ని పారేస్తుంది.

ఈ తిప్పలన్నీ ఎందుకంటే పాత ఐపీ అడ్రసులు 32 బిట్లవి, మొత్తం లెక్కపెడితే 430 కోట్లకు కాస్త తక్కువ. ప్రపంచం మొత్తానికి పంచే ఆ నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. కొత్త ఐపీవీ6లో 128 బిట్లు, అక్కడ కొరత లేదు, కానీ రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి ఇంకా.

నాకేంతెలుసు | సోమవారం, మధ్యాహ్నం 2:15

చదువుతుంటే బాగుంది. ఒక తింగరి ప్రశ్న. ముక్కలు ఎందుకు చేయాలి? ఫొటో మొత్తం ఒకేసారి పంపితే 2,700 సార్లు అడ్రస్ రాసే బాధ తప్పుతుంది కదా?

తీగలాగు | సోమవారం, మధ్యాహ్నం 3:02

తింగరి ప్రశ్న ఏం కాదు, 1960ల్లో టెలిఫోన్ పెద్దలు కూడా దాదాపు ఇదే అడిగారు. అప్పట్లో ఫోన్ కాల్ అంటే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక దారి మీకోసమే పట్టి ఉంచడం. మీరు మౌనంగా ఉన్నా ఆ దారి ఇంకొకరికి ఇవ్వరు. అమెరికాలో పాల్ బారన్, బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే ఆలోచనకు వచ్చారు: సందేశాన్ని ముక్కలు చేసి వదిలితే ఒకే తీగ మీద వందమంది ముక్కలు కలగలిసి పోవచ్చు, ఒక దారి తెగితే మిగతా ముక్కలు ఇంకో దారి పడతాయి. ఆ ముక్కకి ప్యాకెట్ అని పేరు పెట్టింది డేవిస్.

మీరన్నట్టు మొత్తం ఒకే ముద్దగా పంపితే ఏమవుతుందో ఊహించండి. ఎవరో 3 గిగాబైట్ల సినిమా దించుతుంటే, అది పూర్తయ్యేదాకా మీ 'సరే' అనే రెండక్షరాల మెసేజ్ వెనకాల నిలబడాలి. పైగా చివర్లో ఒక్క బిట్టు చెడితే సినిమా మొత్తం మళ్లీ పంపాలి. ముక్కలైతే చెడిన ముక్క ఒక్కటే మళ్లీ అడిగితే చాలు.

దీని మీద కట్టిన మొదటి పెద్ద నెట్‌వర్క్ ఆర్పానెట్. 1969 అక్టోబర్ 29 రాత్రి లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకి 'లాగిన్' అనే మాట కొట్టబోయారు, ఎల్, ఓ అనే రెండక్షరాలు అందాక అవతలి కంప్యూటర్ కూలబడింది. అలా ఇంటర్నెట్ తాతగారి మొదటి సందేశమే మధ్యలో తెగింది. చిన్నిగువ్వగారికి ఇది కాస్త ఊరట కావాలి.

అర్ధరాత్రి_గేమర్ | సోమవారం, సాయంత్రం 6:40

ప్యాకెట్లు పోవడం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. 1990 ఏప్రిల్ 1న పావురాల కాళ్లకి ప్యాకెట్లు కట్టి పంపే పద్ధతి అని ఒక ప్రమాణ పత్రం సరదాకి రాశారు. 2001లో నార్వేలోని బెర్గెన్‌లో కొంతమంది లినక్స్ పిచ్చోళ్లు దాన్ని నిజంగానే చేసి చూశారు. 9 పింగ్‌లు పంపితే 4 జవాబులు వచ్చాయి. ఒక్కో జవాబుకి దాదాపు గంట నుంచి గంటా ముప్పావు పట్టింది. నా ఫ్రెండ్ ఇంట్లో నెట్ కంటే నయం.

లెక్కలపంతులు | సోమవారం, సాయంత్రం 6:58

నవ్వొచ్చినా అందులో అసలు విషయం ఉంది. పావురం కాలికి ఇప్పుడు దొరికే మెమరీ కార్డు కట్టండి, గంటలో వందల గిగాబైట్లు చేరతాయి, వేగం లెక్కలో మీ ఫైబర్ ఓడిపోతుంది. కానీ ఆ పావురం మీద ఫోన్ మాట్లాడగలరా? సెకనుకు ఎంత సరుకు చేరుతుంది అనేది ఒక కొలత, మొదటి ముక్క వెళ్లి జవాబు రావడానికి ఎంతసేపు పడుతుంది అనేది ఇంకో కొలత. స్పీడ్ టెస్టులో పెద్ద అక్షరాలతో చూపించేది మొదటిదే, కాల్‌కి కావాల్సింది రెండోది. మామూలు వాయిస్ కాల్‌కి సెకనుకు 100 కిలోబిట్లు కూడా అక్కర్లేదు. కానీ 20 మిల్లీసెకన్లకు ఒక చిన్న ముక్క చొప్పున క్రమం తప్పకుండా చేరుతూ ఉండాలి.

చిన్నిగువ్వ | మంగళవారం, ఉదయం 11:35

పాతమోడెంగారూ, మీరు చెప్పినట్టే చేశాను. కాల్ మొదలై ఎనిమిది నిమిషాలకి గొంతు తెగడం మొదలైంది, వెంటనే కొట్టాను.

రౌటర్‌కి: 3, 4, 3, 6, 3, 5... అంతే, ఒక్కసారి 11.
8.8.8.8కి: 790, 845, 812, 'సమయం మించింది', 860...

కాల్ అయ్యాక మళ్లీ కొట్టాను, రౌటర్‌కి అదే 3, 4. బయటికి మాత్రం 19, 18, 21. ఇదేంటండీ, నలభై రెట్లు తేడా!

పాతమోడెం | మంగళవారం, మధ్యాహ్నం 12:10

దొరికింది. రౌటర్‌కి 3, 4 మిల్లీసెకన్లు అంటే గోడలూ వైఫై నిర్దోషులు. గేమర్ తమ్ముడూ, కేబుల్ చుట్టేసుకో.

బయటికి 800 అంటే మీ ముక్కలు బయల్దేరే చోటే వరుసలో నిలబడుతున్నాయి. మీ అప్‌లోడ్ 10 మెగాబిట్లు, అంటే సెకనుకు 1.25 మెగాబైట్లు. రౌటర్‌లోనో, ఫైబర్ వచ్చి కలిసే పెట్టెలోనో, పంపాల్సిన ముక్కలు ఆగే చిన్న గది ఒకటి ఉంటుంది, దాన్ని బఫర్ అంటారు. ఆ గది ఒక మెగాబైటుది అనుకోండి. ఇంట్లో ఏదో ఒకటి ఆపకుండా అప్‌లోడ్ చేస్తూ దాన్ని నింపేసిందనుకోండి. మీ గొంతు ముక్క వెళ్లి ఆ వరుస చివర నిలబడుతుంది, ముందున్న మెగాబైటు కదలడానికి 0.8 సెకను. అదే మీ 800. గది పూర్తిగా నిండితే కొత్తగా వచ్చిన ముక్కని పారేస్తుంది, అదే మీ 'సమయం మించింది'.

ఈ జబ్బుకి పేరుంది, బఫర్‌బ్లోట్. జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన ఇంట్లో నెట్ ఎందుకు నత్తనడక నడుస్తోందా అని తవ్వుకుంటూ పోయి 2010 ప్రాంతంలో ఆ పేరు పెట్టాడు. మెమరీ చవకైపోయాక తయారీదారులు 'ఒక్క ముక్క కూడా పారేయకూడదు' అనే మంచి ఉద్దేశంతో బఫర్లు పెంచుకుంటూ పోయారు. నా ఉద్దేశంలో ఇంటి నెట్‌కి జరిగిన పెద్ద అపచారం ఇదే. ఎందుకంటే ముక్క పారేయడం ఇక్కడ తప్పు కాదు, అదొక సైగ.

ఇప్పుడు చెప్పండి, ఆ టైములో ఇంట్లో ఏది అప్‌లోడ్ చేస్తోంది?

చిన్నిగువ్వ | మంగళవారం, మధ్యాహ్నం 12:26

ఎవరూ ఏమీ పంపడం లేదండీ. మావారు ఆఫీసుకి వెళ్లిపోతారు. టీవీ కూడా ఆఫ్. నేను ఒక్కదాన్నే, ఆ కాల్ ఒక్కటే.

నాకేంతెలుసు | మంగళవారం, మధ్యాహ్నం 12:40

పారేయడం సైగ అంటే? ఎవరికి సైగ?

తీగలాగు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఈ ప్రశ్నకి కాస్త పొడుగ్గా చెబుతాను, నాకు ఇష్టమైన కథ ఇది.

మధ్యలో ఉండే రౌటర్లు ఎవరికీ హామీ ఇవ్వవు. ముక్క వచ్చింది, ఖాళీ ఉంటే ముందుకు తోస్తాయి, లేకపోతే పారేస్తాయి, పారేశామని చెప్పను కూడా చెప్పవు. మరి నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? రెండు చివర్ల నుంచి. పంపేవాడు ముక్కలకి వరుస నంబర్లు వేస్తాడు, అందుకున్నవాడు 'ఇక్కడిదాకా అందింది' అని రసీదు పంపుతాడు, రసీదు రాకపోతే మళ్లీ పంపడమే. దీన్నే టీసీపీ అంటారు. వింట్ సర్ఫ్, బాబ్ కాన్ 1974లో దీని రూపం ప్రచురించారు, ఆర్పానెట్ మొత్తం 1983 జనవరి 1న దీనికి మారింది.

అయితే ఒక చిక్కు. దారి నిండిపోయి ముక్కలు రాలిపోతున్నప్పుడు అందరూ 'అందలేదు, మళ్లీ పంపుతా' అని రెట్టింపు వేస్తే? 1986 అక్టోబర్‌లో సరిగ్గా అదే జరిగింది. బర్క్‌లీలో రెండు సంస్థల మధ్య, దూరం పట్టుమని 400 గజాలు, వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. నలభై కిలోబిట్లు కాదండోయ్, నలభై బిట్లు, అంటే సెకనుకు ఐదక్షరాలు. నడిచి వెళ్లి కాగితం ఇచ్చొస్తే నయం.

వ్యాన్ జాకబ్సన్ అనే ఆయన దాన్ని బాగుచేశాడు. మందు చాలా సింపుల్: ముక్క పోయిందంటే దారి నిండిందని అర్థం, నువ్వు తగ్గు. మెల్లగా మొదలుపెట్టు, రసీదులు వస్తుంటే పెంచు, ముక్క పోతే సగానికి దిగు. ప్రపంచంలో కోట్ల యంత్రాలు ఎవరూ పెత్తనం చేయకుండానే ఇలా సర్దుకుంటున్నాయి. పెద్ద బఫర్ పెట్టామంటే ముక్క తొందరగా పోదు, వరుసలో నిలబడి ఆలస్యమవుతుంది, పంపేవాడికి సైగ సమయానికి అందదు, వాడు ఇంకా ఇంకా తోస్తూనే ఉంటాడు. పాతమోడెంగారికి కోపం అందుకే.

బఫర్‌బ్లోట్‌కి 2012లో కోడెల్ అనే మందు వచ్చింది, వరుసలో ముక్కలు మరీ ఎక్కువసేపు నిలబడుతుంటే అది ముందే కొన్నిటిని పారేసి సైగ చేస్తుంది. తయారుచేసిన ఇద్దరిలో ఒకరు క్యాథ్లీన్ నికోల్స్, రెండోవారు ఎవరో చెప్పుకోండి... అదే వ్యాన్ జాకబ్సన్!

గోడమీదపిల్లి | మంగళవారం, మధ్యాహ్నం 1:55

అన్నీ బాగానే ఉన్నాయి కానీ కాల్ కూడా టీసీపీయే అయితే పోయిన ముక్క మళ్లీ వస్తుంది కదా, గొంతు ఎందుకు తెగాలి?

పాతమోడెం | మంగళవారం, మధ్యాహ్నం 2:05

కాల్స్ ఎక్కువగా యూడీపీ మీద నడుస్తాయి. అందులో రసీదుల్లేవు, మళ్లీ పంపడాల్లేవు. మీరు 'హలో' అన్న ముక్క రెండు సెకన్ల తర్వాత అందితే ఎవరికి కావాలి? ఫైలులో ఒక్క బైటు పోయినా పనికిరాదు, మాటలో చిన్న ముక్క పోతే చెవి సర్దుకుంటుంది. వరసగా పోతేనే బావిలోంచి మాట్లాడినట్టు ఉంటుంది.

చిన్నిగువ్వ | మంగళవారం, రాత్రి 9:17

అయ్యో రామా. దొరికింది. నవ్వకండి.

నా ఫోన్!! వెనక గదిలో డెస్కు పక్కన ప్లగ్ ఉంది. కాల్‌కి కూర్చోగానే ఫోన్ ఛార్జింగ్‌కి పెడతాను, రోజూ. ఫొటోల బ్యాకప్ సెట్టింగ్‌లో 'ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు, వైఫై మీద మాత్రమే' అని ఉంది. పోయిన నెల పెళ్లికి వెళ్లి తీసిన వీడియోలు ఇంకా 40 గిగాబైట్లు మిగిలి ఉన్నాయట. హాల్లో కూర్చున్నప్పుడు ఛార్జర్ అందదు, అందుకే అక్కడ బాగుండేది! ఇన్నాళ్లూ గోడని తిట్టుకున్నాను.

ఇప్పుడే పరీక్షించాను. ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టాను, ఐదు నిమిషాల్లో పింగ్ 800. పీకాను, 20. మళ్లీ పెట్టాను, మళ్లీ 800. మావారు నన్ను ఏదోలా చూస్తున్నారు.

అర్ధరాత్రి_గేమర్ | మంగళవారం, రాత్రి 9:21

అక్కా 😂😂 డిటెక్టివ్ లెవెల్. కేబుల్ మాట వెనక్కి తీసుకుంటున్నా.

లెక్కలపంతులు | మంగళవారం, రాత్రి 9:30

40 గిగాబైట్లు, సెకనుకు 1.25 మెగాబైట్లు: 32,000 సెకన్లు, అంటే దాదాపు 9 గంటలు. రోజుకు ఒక మీటింగ్ మేర ఛార్జింగ్ పెడుతున్నారు కాబట్టి ఇది ఇంకో వారం పైనే సాగేది. ఒక రాత్రి ఛార్జింగ్‌లో వదిలేయండి, పూర్తవుతుంది.

గోడమీదపిల్లి | మంగళవారం, రాత్రి 10:02

మరి బ్యాకప్ నడుస్తుండగా టీవీలో సినిమా పెడితే? అది ఆగాలి కదా. ఆవిడ టీవీ ఎప్పుడూ ఆగలేదన్నారు.

పాతమోడెం | బుధవారం, ఉదయం 8:15

మంచి పాయింటు. టీవీ సినిమాని కాల్‌లాగా అప్పటికప్పుడు తినదు. సినిమా మొత్తం సర్వర్ దగ్గరే కొన్ని సెకన్ల తునకలుగా కోసి ఉంటుంది, ఒక్కో తునకా నాలుగైదు నాణ్యతల్లో. టీవీ ముందుగానే కొన్ని తునకలు దించి పెట్టుకుని చూపిస్తుంది. దారి ఇరుకైతే తర్వాతి తునక తక్కువ నాణ్యతది అడుగుతుంది, బొమ్మ కాస్త మసకబారుతుంది తప్ప ఆగదు. డౌన్‌లోడ్‌కి కూడా రసీదులు పైకి వెళ్లాలి కాబట్టి అప్‌లోడ్ నిండితే దానికీ కొంత దెబ్బే, కానీ చేతిలో నిల్వ ఉంటే మీకు తెలియదు.

పైగా ఆ సినిమా ఎక్కడో ఖండాంతరం నుంచి రావడం లేదు. ఎక్కువమంది చూసే సినిమాల కాపీలు నెట్ కంపెనీల భవనాల్లోనే పెట్టెల్లో ఉంటాయి. నెట్‌ఫ్లిక్స్ అయితే ఆ పెట్టెలు తనే తయారుచేసి ఇస్తుంది, ఆ ఏర్పాటు పేరు ఓపెన్ కనెక్ట్. ఇదే పని పదిమంది కోసం చేసిపెట్టే అకమై లాంటి సంస్థలు 1998 నుంచీ ఉన్నాయి.

నాకేంతెలుసు | బుధవారం, ఉదయం 9:05

అంటే శాటిలైట్ల నుంచి రాదా? నేను ఇన్నాళ్లూ నెట్ అంతా ఆకాశం నుంచే వస్తుందనుకున్నాను. నవ్వినా పర్లేదు.

తీగలాగు | బుధవారం, ఉదయం 9:50

ఎందుకు నవ్వుతాం, చాలామంది అలాగే అనుకుంటారు. ఖండాల మధ్య తిరిగే డేటాలో 95 శాతానికి పైగా సముద్రం అడుగున పడుకున్న తీగల్లోనే పోతుంది. లోతు సముద్రంలో ఆ తీగ తోటకి నీళ్లు పెట్టే గొట్టమంత లావు ఉంటుంది, అందులో వెంట్రుకంత సన్నని గాజు పోగులు, వాటిలో కాంతి. కొన్ని పదుల కిలోమీటర్లకు ఒకసారి కాంతిని బలపరిచే పరికరం ఒకటి ఉంటుంది, దానికి కరెంటు కూడా ఆ తీగలోంచే ఒడ్డు నుంచి పంపుతారు. అట్లాంటిక్ కింద మొదటి ఫైబర్ తీగ 1988లో పడింది.

తీగ తెగితే ఏమవుతుందో టోంగా వాళ్లని అడగాలి. 2022 జనవరిలో సముద్రంలో అగ్నిపర్వతం పేలి ఆ దేశానికి బయటి ప్రపంచంతో ఉన్న ఒకే ఒక్క తీగ తెగింది. ఓడ వచ్చి అతికేసరికి ఐదు వారాలు పట్టింది.

లెక్కలపంతులు | బుధవారం, ఉదయం 10:12

దూరం లెక్క కూడా చూడండి. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. 10,000 కిలోమీటర్ల అవతల ఉన్న సర్వర్‌కి వెళ్లి రావడానికి 100 మిల్లీసెకన్లు, ఎన్ని వేల మెగాబిట్ల ప్లాన్ కొన్నా ఇది తగ్గదు. పాత తరహా శాటిలైట్ 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న పైకెక్కి దిగాలి, జవాబూ పైకెక్కి దిగాలి, దానికే దాదాపు అర సెకను. స్టార్‌లింక్ లాంటివి 550 కిలోమీటర్ల దగ్గర తిరుగుతాయి కాబట్టి ఆ బాధ చాలావరకు లేదు.

చిన్నిగువ్వ | బుధవారం, మధ్యాహ్నం 1:20

ఈరోజు కాల్ అద్దంలా ఉందండీ, గంటంపావు మాట్లాడినా ఎవరూ 'వినపడట్లేదు' అనలేదు. అందరికీ చాలా థాంక్స్.

ఇంకొక్క చిన్న ప్రశ్న, మీరు చెప్పింది విన్నాకే వచ్చింది. అడగకుండా వచ్చిన ముక్కని రౌటర్ పారేస్తుందన్నారు. మరి వాట్సాప్ మెసేజ్ నేను అడగకుండానే వస్తుంది కదా? నేను బయటి నుంచి బల్బు ఆర్పమంటే ఆరుతుంది కదా? బల్బు నన్ను ఏమడిగింది?

పాతమోడెం | బుధవారం, మధ్యాహ్నం 2:44

శభాష్! ఈ ప్రశ్న అడిగారంటే పట్టిక సంగతి మీకు పూర్తిగా అర్థమైనట్టే.

కిటుకు ఏంటంటే వాళ్లు ముందే అడిగి ఉంచుతారు. మీ ఫోన్ ఆన్ కాగానే ఆండ్రాయిడ్ అయితే గూగుల్ నోటిఫికేషన్ సర్వర్‌కి, ఐఫోన్ అయితే ఆపిల్ సర్వర్‌కి ఒక కనెక్షన్ తెరిచి అలాగే పట్టుకుని కూర్చుంటుంది. అప్పుడప్పుడూ 'ఉన్నావా', 'ఉన్నా' అని చిన్న ముక్కలు పంపుకుంటూ ఉంటాయి, లేకపోతే రౌటర్ ఆ వరుసని పట్టికలోంచి కొట్టేస్తుంది. ఒక్కో యాప్ విడివిడిగా ఇలా పట్టుకుంటే బ్యాటరీ సాయంత్రానికే అయిపోతుంది కాబట్టి దాదాపు అన్ని యాప్‌ల కబుర్లూ ఆ ఒక్క తలుపులోంచే వస్తాయి.

మీ బల్బు కూడా అంతే, తయారుచేసిన కంపెనీ సర్వర్‌ని పట్టుకుని 'నాకేమైనా పని ఉందా' అని కూర్చుంటుంది. మీరు పక్క కుర్చీలోంచి ఆర్పమన్నా చాలా బల్బుల్లో ఆ మాట ముందు మీ ఫోన్ నుంచి ఆ సర్వర్‌కి వెళ్లి, అక్కడి నుంచి బల్బుకి వస్తుంది. అందుకే నెట్ పోతే కొన్ని ఇళ్లలో లైటు ఆరదు. రెండడుగుల దూరంలో ఉన్న దీపానికి కొన్ని వేల కిలోమీటర్ల రాయబారం, నాకైతే ఇది సాంకేతికత అనిపించదు, సోమరితనం అనిపిస్తుంది. ఇంట్లోనే మాట్లాడుకునే పద్ధతులు ఉన్నాయి, కొనేటప్పుడు అది అడిగి కొనండి.

అర్ధరాత్రి_గేమర్ | బుధవారం, సాయంత్రం 7:30

నాదీ ఒకటి తేల్చండి. కాల్‌లో ఉండగా మెట్లు దిగి బయటికి వెళ్తే వైఫై పోయి మొబైల్ డేటాకి మారుతుంది. కొన్ని యాప్‌లు ఏమీ జరగనట్టే ఉంటాయి, కొన్ని చచ్చిపోతాయి. ఎందుకు?

తీగలాగు | బుధవారం, రాత్రి 8:05

మారిన క్షణంలో నీ అడ్రస్ మారిపోతుంది. టీసీపీ దృష్టిలో కనెక్షన్ అంటేనే రెండు అడ్రసులూ రెండు పోర్టులూ, అందులో ఒకటి మారితే పాత కనెక్షన్ పోయినట్టే, యాప్ మళ్లీ మొదటి నుంచి పలకరించాలి. 2021లో ప్రమాణంగా వచ్చిన క్విక్ అనే పద్ధతి యూడీపీ మీద నడుస్తుంది, అది ప్రతి కనెక్షన్‌కి అడ్రస్‌తో సంబంధం లేని ఒక గుర్తు ఇస్తుంది. అడ్రస్ మారినా ఆ గుర్తు చూపించి అక్కడి నుంచే కొనసాగించొచ్చు. కాల్ యాప్‌లైతే దారి మారిందని తెలియగానే తామే కొత్త దారి వెతుక్కుంటాయి, ఆ పని బాగా రాసినవాళ్ల యాప్ బతుకుతుంది, మిగతావి తిరుగుతున్న చక్రం చూపిస్తాయి.

మౌనముని | గురువారం, ఉదయం 7:48

రెండేళ్లుగా చదవడమే తప్ప రాయలేదు. ఈ దారం చదివి నేనూ పింగ్ కొట్టాను. నాకు బయటికి ఎప్పుడూ 600, రాత్రీ పగలూ. ఫోన్లన్నీ ఆపేసినా అంతే. ఇంట్లో నాలుగు సీసీ కెమెరాలున్నాయి, అవి క్లౌడ్‌లోకి రికార్డు చేస్తాయి. అవేనంటారా?

పాతమోడెం | గురువారం, ఉదయం 8:20

అవే అయ్యుండొచ్చు, కానీ మళ్లీ అదే మాట, కొలవకుండా చెప్పను. నాలుగూ ఆపి పింగ్ చూడండి, తర్వాత ఒక్కొక్కటే పెట్టుకుంటూ రండి. కెమెరాలే అయితే వాటి నాణ్యత ఒక మెట్టు తగ్గించడమో, కదలిక ఉన్నప్పుడే పంపేలా పెట్టడమో చేయొచ్చు. మీ రౌటర్ సెట్టింగుల్లో ఎస్‌క్యూఎం (వరుస పెరిగిపోకుండా చూసే ఏర్పాటు) అని కనిపిస్తే ఇంకా మేలు, అందులో అప్‌లోడ్ పరిమితి మీ అసలు వేగంలో 90 శాతానికి పెట్టండి. అప్పుడు వరుస ఫైబర్ వచ్చి కలిసే ఆ తెలివితక్కువ పెట్టెలో కాకుండా మీ రౌటర్‌లో ఏర్పడుతుంది, అది చిన్న ముక్కల్ని ముందు వదులుతుంది. అంకెలు తీసుకుని కొత్త దారంలో రండి, ఇది ఇప్పటికే చాంతాడంత అయింది.